బోర్డు మీద లేని బిళ్ళ

ఊపిరి వదిలితే అర అంగుళం చోటు దొరుకుతోంది, పీల్చుకుంటే ఆ అర అంగుళమూ పోతోంది, అందుకని ఆమె కొద్దికొద్దిగా పీల్చుకుంటూ, నేనేం ఇరుక్కోలేదు, కాసేపు ఆగానంతే, అని తనకు తానే చెప్పుకుంది. అలా చెప్పుకోవడం మొదలుపెట్టి పావుగంటైంది. బోర్లా పడుకుని ఉంది. ఎడమ చెయ్యి పొట్ట కింద పడిపోయింది, కుడి చెయ్యి తల ముందుకు చాచి ఉంది, వీపు మీద లావుపాటి ఇంధనపు గొట్టం, పొట్ట కింద చల్లటి లోహపు గోడ, నడుము బెల్టు వెనకాల ఒక కొక్కేనికి తగులుకుంది. ఏ కొక్కెమో ఆమెకు తెలుసు. ఈ రాకెట్టు కడుపులో ఆమెకు తెలియని కొక్కెం లేదు. ఈ బూస్టరు తొమ్మిదిసార్లు ఉపగ్రహాలను మోసుకుంటూ పైకి వెళ్ళింది, వాటిని పై అంచెకు అప్పజెప్పి, తను మాత్రం వెనక్కి తిరిగి, సముద్రం మీద కాచుకున్న ఓడ పైకి నిలువునా దిగింది. వచ్చిన ప్రతిసారీ దాన్ని ఈ షెడ్డుకి తెచ్చి అడ్డంగా పడుకోబెట్టారు. మొదటిసారి ఎగిరేముందూ, ఆ తర్వాత ప్రతిసారీ, ఆమె అడుగున ఉన్న ఇంజన్ల గదిలోకి చిన్న తలుపు గుండా దూరి, గొట్టాల మధ్య పాక్కుంటూ పోయి, అతుకులన్నీ తడిమి చూసి, బాగుందని సంతకం పెడితేనే అది ఎగిరింది. తొమ్మిదిసార్లూ బెల్టు ఆ కొక్కెం పక్కనుంచే జారిపోయింది. ఇవాళే పట్టుకుంది.

దూరంగా క్యాంటీన్ వైపు నుంచి పళ్ళేల చప్పుడు వినిపిస్తోంది, అంటే ఇంకా ఒంటిగంటన్నర కాలేదు, చేతులు కడుక్కునే కుళాయిల మోత మొదలైతే ఒంటిగంటన్నర దాటినట్టు. చేతి గడియారం ఎడమ చేతికి ఉంది, ఆ చెయ్యి పొట్ట కింద ఉంది, గడియారం అద్దం కడుపులో గుచ్చుకుంటోంది గాని టైము చెప్పడం లేదు. రెండింటికి గ్యాసాయన వస్తాడు. ఆయన పని అదే. తలుపు బిగించి, లోపలంతా నైట్రోజన్ నింపి, గొట్టాల్లో తేమ లేకుండా ఆరబెడతాడు. ఆ వాయువుకి రంగు లేదు, వాసన లేదు, పీల్చేవాడికి ఇది గాలి కాదని తెలిసే వీలు లేదు. రెండు ఊపిర్లు చాలంటారు. ఆమెకు పని నేర్పిన పెద్ద మేస్త్రి తన పాత కార్ఖానాలో ఇద్దర్ని అలా చూశాడు. ఒకడు పడిపోతే లేపుదామని రెండోవాడు వెళ్ళాడట. నిద్రపోయినట్టే ఉన్నారమ్మా, ఒకడి నోట్లో వక్కపొడి అలాగే ఉంది, అని చెప్పేవాడు. అందుకే తలుపు పక్కన గోడకి బిళ్ళల బోర్డు పెట్టారు. లోపలికి వెళ్ళేవాళ్ళు ఎవరి ఇత్తడి బిళ్ళ వాళ్ళు తగిలించాలి, బోర్డు మీద ఒక్క బిళ్ళ ఉన్నా గ్యాసాయన చెయ్యి వాల్వు మీద పడదు. ఆమె బిళ్ళ ఇప్పుడు ఆమె సొరుగులో ఉంది, వాకీటాకీ పక్కన. తగిలిస్తే ఎందుకు వెళ్తున్నావని అడుగుతారు. వాకీటాకీ తెచ్చుకుంటే అందులో మాట్లాడేది షెడ్డంతా వింటుంది. మరి తను లోపలికి వెళ్ళడానికి వీల్లేదని నెల కిందటే సూపర్‌వైజరు చెప్పేశాడు.

మెత్తగానే చెప్పాడు. మెత్తగా చెప్పడమే ఆమెకు మంటగా ఉంది. ఇకమీదట నువ్వు దూరక్కర్లేదమ్మా, కెమెరా దూరుతుంది, నువ్వు హాయిగా కూర్చుని బొమ్మలు చూసి సంతకం పెట్టు, ఇదుగో కుర్చీ. చక్రాల కుర్చీ, వీపుకి దిండు ఉన్నది. ఇరవై రెండేళ్ళుగా అందరూ ఆమెను పిచ్చుక అనే పిలుస్తున్నారు, అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. పిచ్చుకని పిలవండి, పిచ్చుక పడుతుంది అక్కడ, పిచ్చుక చూసి చెబితే ఇక తిరుగులేదు. పిచ్చుకకి కుర్చీ ఎందుకు. చిన్నప్పుడు ఇంట్లో తాళంచెవి పోయినప్పుడల్లా కిటికీ ఊచల మధ్యనుంచి దూర్చింది ఆమెనే. అన్నయ్యలిద్దరూ చెరో కాలూ పట్టుకుని లోపలికి తోసేవాళ్ళు, ఆమె అవతల నేల మీద పడి, లేచి, గడియ తీసేది. అందరూ ఆమెను దాటుకుంటూ లోపలికి వచ్చేవాళ్ళు, మోచేతులు గీసుకుపోయాయా అని అడిగింది నాన్నమ్మ ఒక్కతే. దాగుడుమూతల్లో పాత పరుపుల అల్మరాలో దాక్కుంది ఒకసారి, అంత ఇరుకులో ఎవరూ వెతకరని తెలుసు, ఎవరూ వెతకలేదు కూడా. ఆట ఎప్పుడో అయిపోయి అంతా భోజనాలకి కూర్చున్నారు. అల్మరాలో ఆమె గెలుస్తూ ఉండిపోయింది. ఇప్పుడు గుర్తొస్తే నవ్వొచ్చింది, నవ్వుకి పొట్ట కదిలింది, గొట్టం వీపు మీద ఇంకాస్త కూర్చుంది. నవ్వకూడదు.

నిన్న తెర మీద ఆ గీత కనిపించింది. కెమెరా అమ్మాయి, ముప్పై ఏళ్ళది, మంచి పిల్లే, పొడుగాటి తీగ చివర కెమెరాని పాముని ఆడించినట్టు ఆడిస్తుంది. నాలుగో బ్రాకెట్ దగ్గర అతుకు పక్కనే వెంట్రుకంత నల్లటి గీత. ఆగు ఆగు, అంది ఆమె. మసి అక్కా, అంది ఆ పిల్ల, వెలుగు మార్చి, అటు తిప్పి ఇటు తిప్పి చూపించింది, ఇదుగో మసే. మసే కావచ్చు. వచ్చిన ప్రతిసారీ బూస్టరు ఒళ్ళంతా మసే, పొయ్యి మీంచి దించిన గిన్నెలా ఉంటుంది. సంతకం పెట్టింది. పెట్టి ఇంటికెళ్ళింది. అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. గీత పొడుగు పెరుగుతూ కళ్ళలోనే ఉండిపోయింది. బీటైతే ఏమవుతుంది. పైకి వెళ్ళేటప్పుడు అతుకు విడిపోతుంది, ఇంధనం చిమ్ముతుంది, తర్వాత అందరూ కాగితాలు తిరగేస్తే చివర తన సంతకం ఉంటుంది. ఉపగ్రహాలను ఆమె ఎప్పుడూ చూడలేదు, వాటిని తెల్లబట్టలవాళ్ళు వేరే గదిలో పెట్టెలో చంటిపిల్లల్లా కట్టి తెస్తారు, పల్లకీ మోసేవాళ్ళకి లోపల ఎవరున్నారో ఎందుకు. కాని ఈ పల్లకీ ఆమెది. తుఫానులు ముందే చెప్పేవి ఆ ఉపగ్రహాలేనట, నడిసముద్రంలో పడవలవాళ్ళకి ఫోను అందించేవీ అవేనట. కూతురు ఎనిమిదేళ్ళప్పుడు మా అమ్మ రాకెట్టులోకి వెళ్తుందని బడిలో చెప్పేసింది. టీచరు ఆమెను పిలిపించి, పిల్లలకి అంతరిక్షం గురించి నాలుగు మాటలు చెప్పమంది. వెళ్తాను గాని అది నేల మీద ఉన్నప్పుడే వెళ్తానండీ, అని ఆమె అంటే, వెనక బెంచీల్లో ఒకటే నవ్వు. కూతురు మాత్రం నవ్వలేదు. మా అమ్మ ఒప్పుకోకపోతే అది ఎగరదు, అంది, అందరి మొహాలూ చూస్తూ. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పుకోలేదు, అయినా తొమ్మిదిసార్లూ ఈ గొట్టాల మధ్య పాకుతున్నప్పుడు ఆ మాటే మోచేతుల కింద మెత్తగా ఉండేది.

మరి ఇప్పుడు ఇక్కడికి వచ్చి చూసింది కదా. అదీ ఇంకో ముల్లు. ఇరుక్కోవడానికి ముందే చెయ్యి అందింది. నాలుగో బ్రాకెట్. పెద్ద మేస్త్రి చెప్పినట్టే కళ్ళు మూసుకుని వేలితో తడిమింది, కన్ను మోసం చేస్తుంది, వేలు చెయ్యదు అనేవాడాయన. అతుకు నున్నగా ఉంది. మసిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే గీత పోయింది. మళ్ళీ తడిమింది, గోటితో గీరింది, చేతి దీపం ఏటవాలుగా పట్టి చూసి, ఆర్పి జేబులో పెట్టుకుంది. ఏమీ లేదు. కెమెరా చెప్పిందే నిజం, ఆ పిల్ల చెప్పిందే నిజం, మసి. అప్పుడు ఆమెకు కలగాల్సింది సంతోషం. కలిగింది మాత్రం చెప్పులు తెగిపోయినట్టు ఒకలాంటి దిగులు. వెనక్కి జరుగుదామని మోకాళ్ళు కదిపింది, బెల్టు పట్టుకుంది. ముందుకు జరిగి తప్పిద్దామంటే తుంటి గొట్టానికి అడ్డంపడింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈ తుంటి ఎప్పటిది. పోయినసారి లేదు.

పొట్ట కింద ఎడమచేతి వేళ్ళు కాస్త ఆడుతున్నాయి, అవి ఆమె పనిబట్టల పక్క కుట్టు మీద పడ్డాయి. వేళ్ళు ఊరికే ఉండవు, ఏ అతుకు తగిలినా తడుముతాయి. ఒక కుట్టు. దాని పక్కన విప్పేసిన పాత కుట్టు తాలూకు చిన్నచిన్న బెజ్జాలు, వరసగా. దాని పక్కన ఇంకో వరస. ఇంకా అవతల, బాగా అరిగిపోయి, ఇంకోటి. ఆమె ఆగిపోయింది. ఇంటాయన దర్జీ. పెళ్ళైన కొత్తలో కొలత తీసి, నీకు బట్ట మిగులుతుందే, అని నవ్వేవాడు. ఏటా ఒకసారి ఈ పనిబట్టలు ఇంటికి తేగానే, ఇలా పారేయ్, బొత్తాలు గట్టిగా కుట్టిపెడతా, అనేవాడు. పొద్దునకి మడతపెట్టి మంచం మీద పెట్టేవాడు. ఆమె వేసుకుని, చూశారా, ఇన్నేళ్ళైనా అదే కొలత, అనేది. ఆయన సూది నోట్లో పెట్టుకుని, అవునవును, అనేవాడు. ఏడాదికో వరస. ఆమెకు తెలియకుండా ఆమె చుట్టూ చోటు చేస్తూ వచ్చాడు, ఒక్క మాట అనకుండా. షెడ్డులో ఎవరు ఆమెను ఎగాదిగా చూసినా పట్టించుకునేది కాదు, బట్టలే సాక్ష్యం కదా అనుకునేది. సాక్ష్యం మారుస్తూ వచ్చింది ఇంట్లోవాడేనన్నమాట. కోపం వచ్చింది, అది కోపంగా నిలవలేదు. ఆయన ఈ పాటికి కొట్టు ముందు తలుపు సగం వేసి, మెషీను మీద తల పెట్టుకుని కునుకు తీస్తుంటాడు. రెండున్నరకి లేస్తాడు. రెండున్నరకి ఎవరైనా ఫోను చేస్తే.

కుళాయిల మోత మొదలైంది.

ఆ మోత వింటూ ఉండగా ఆమెకు ఆ ఆలోచన వచ్చింది. ఎక్కణ్ణుంచో రాలేదు, కుడిచేతిలోనే ఉంది. మసి గీకడానికి తెచ్చుకున్న ఉక్కు పుల్ల, సూదిమొనది, వేళ్ళ మధ్యే ఉంది. అతుకు మొన కిందే ఉంది. ఒక్క గీత. వెంట్రుకంత చాలు. అప్పుడు కేకేసినా ఫర్వాలేదు, ఎవరు వచ్చి లాగినా ఫర్వాలేదు. కెమెరాకి కనపడని బీటు పట్టుకోవడానికి ప్రాణాలకి తెగించి దూరింది పిచ్చుక, అంటారు. కుర్చీ తీసేస్తారు. బూస్టరుని పక్కన పెడతారు, కోసి పరీక్షలు చేస్తారు, అందులో తేలితే తేలనీ, అప్పటికి చాలా రోజులు. ఎవరికి నష్టం. ఇనుముకి నొప్పేమైనా ఉందా. మొన అతుకు మీద ఆనింది. ఆనినట్టు మునివేళ్ళకి తెలిసింది.

అప్పుడే తలుపు బయట అడుగుల చప్పుడు, దాని వెంటే ఈల. కెమెరా అమ్మాయి, భోజనం చేసి అందరికన్నా ముందు వచ్చేస్తుంది, వచ్చి తీగలు చుట్టుకుంటుంది. ఈల చాలా దగ్గరగా, తలుపు పక్కనే ఆగింది. పిలిస్తే చాలు. అమ్మాయ్, అంటే చాలు. ఆమె ఊపిరి బిగబట్టింది. బిగబట్టిందని కాసేపటికి గాని ఆమెకే తెలియలేదు. ఈ మొన ఇక్కడ ఉండగా ఆ పిల్లని ఎలా పిలుస్తుంది. మొన తీసేసి పిలిస్తే ఏం చెబుతుంది, నువ్వే గెలిచావని చెబుతుందా, కాళ్ళు పట్టుకుని లాగమని అడుగుతుందా. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే, రెండు వైపులా తనే నొక్కుతోంది. ఈల మళ్ళీ మొదలై, అటు నడిచి, పనిముట్ల గది వైపు పోయి, తలుపు పడ్డ చప్పుడుతో ఆగిపోయింది. పోయింది. ఒక మనిషి పది అడుగుల దూరంలోకి వచ్చి పోయింది, తను అల్మరాలో పిల్లలా గుట్టుగా ఉండిపోయింది.

చేతిని కదుపుదామనుకుంది. కదల్లేదు. ఇది మంచితనం అనుకోవడానికి లేదు, ఆమె నిజంగానే కదుపుదామనుకుంది. కాని ఆ చెయ్యి ఇరవై రెండేళ్ళుగా బీట్లు వెతికిన చెయ్యి, ఉన్నవాటిని వెతకడమే దానికి తెలుసు, లేనిదాన్ని పెట్టడం దానికి ఎవరూ నేర్పలేదు. వేళ్ళు వదులయ్యాయి, పుల్ల జారి, గోడకి తగిలి టంగుమని, గొట్టాల కిందికెక్కడికో పోయింది. సరే. ఇప్పుడిక చేతిలో ఏమీ లేదు. ఇంక ఒక్కటే దారి, తనంతట తను బయటపడటం. గట్టిగా ఊపిరంతా వదిలేసి, తుంటి పక్కకి తిప్పి, ఒక్క గుంజు గుంజితే బెల్టు ఊడొస్తుంది, ఎవరూ చూడకుండా చేతులు కడుక్కుని కుర్చీలో కూర్చోవచ్చు. గుంజింది. రాలేదు. ఇంకొక్కసారి. ఇంకొక్కసారి అనుకుంటూ ఎన్నిసార్లు గుంజిందో లెక్క తప్పింది. చెమట కళ్ళలోకి దిగి మండుతుంటే, ఈసారి వస్తుంది, ఈసారి తప్పకుండా వస్తుంది, అనుకుంటుండగా వెలుగు పోయింది.

తలుపు మూశారు. రెండైపోయిందా. బయట గ్యాసాయన గొంతు, ఎప్పట్లాగే పైకి చదువుతున్నట్టు, బోర్డు ఖాళీ, లోపల ఎవరూ లేరు. మరలు బిగించే మెషీను గరగరలాడింది, నాలుగు మూలలా నాలుగు మరలు. ఆ మోతలో అరిచినా వినపడదు, అని ఆమె మనసు లెక్కలేసింది, తర్వాత గంట మోగుతుంది, అది ఆగాక ఆయన తలుపు మీద చేత్తో తట్టి మూడుసార్లు పిలుస్తాడు. రూలు పుస్తకంలో ఉంది గాని షెడ్డులో ఇంకెవరూ అలా పిలవరు, బోర్డు చూశాక మళ్ళీ పిలవడమేంటని నవ్వుతారు. ఆ పిలుపుని అచ్చం ఆయన గొంతుతో అనుకరించి అందర్నీ నవ్వించింది పోయిన ఏడు వీడ్కోలు విందులో ఆమే. గంట మోగింది. రాకెట్టు లోహమంతా ఆమె పళ్ళలో మోగింది. ఆగింది.

"ఎవరైనా ఉన్నారా?"

ఇంకా రెండుసార్లు ఉందిలే, అనుకుంది ఆమె. నిజంగా అదే అనుకుంది. ఈ ఒక్క గుంజు చాలు, అనుకుని ఉన్న ఊపిరంతా వదిలి, బలంకొద్దీ ముందుకు తోసుకుంది. బెల్టు ఊడలేదు, ఒళ్ళే ఇంకో రెండంగుళాలు ఇరుకులోకి దిగింది, గొట్టం పక్కటెముకల మీద పడింది.

"ఎవరైనా ఉన్నారా?"

ఉన్నాను, అంది. అనలేదు. నోరు తెరిచింది గాని మాటకి కావలసినంత గాలి లోపలికి రావడం లేదు. అన్నా, అంది, అది పెదాల మీదే ఆరిపోయింది. ఇన్నాళ్ళూ సిగ్గుకి అట్టిపెట్టుకున్న గొంతు, కావాలనుకున్నప్పుడు లేదు.

"ఎవరైనా ఉన్నారా?"

అటు అడుగులు, వాల్వు వైపు, ఆరడుగులో ఏడడుగులో, ఆయనవి తీరికైన అడుగులు. కూతురు పొద్దున ఏ బట్టలు వేసుకుని వెళ్ళింది, ఎంత వెతికినా గుర్తురాలేదు, ఆకుపచ్చవా, ఏవి. చేతులు లేవు, కాళ్ళు లేవు, గొంతు లేదు. తల ఉంది. తల మీద హెల్మెట్ ఉంది. తల ఎత్తి గొట్టానికి కొట్టింది. మళ్ళీ కొట్టింది. మెడ విరిగినా సరే అని కొట్టింది, లెక్కా లేదు, వరసా లేదు, చీకట్లో తలుపు కొట్టే పిచ్చిదానిలా కొట్టింది.

అడుగులు ఆగాయి. వాల్వు చక్రం కిర్రుమంది, అంతలోనే అదీ ఆగింది.

"ఎవరది? ఎవరు లోపల?" అని గ్యాసాయన. ఆ తర్వాత ఆమె ఎప్పుడూ ఆయన నోట విననంత పెద్ద కేక, "తలుపు తియ్యండి, మనిషుంది, తియ్యండి."

వెలుగు వచ్చింది. కెమెరా అమ్మాయి పాక్కుంటూ వచ్చింది, దాని ఊపిరి ఆమె పాదాల మీద తగిలింది. "అక్కా, నేనే. కదలొద్దు. బెల్టు కోసేస్తున్నా." కత్తెర చప్పుడు. ఒకరు కాళ్ళు, ఒకరు నడుము పట్టుకుని లాగారు, గడ్డం గోడకి గీసుకుపోయింది, ఆ మంట ఎంతో బాగుంది. బయట నేల మీద కూర్చోబెట్టారు. గాలి. గాలి ఇంత లావుగా ఉంటుందని ఆమెకు తెలియదు. చుట్టూ బూట్లు, మొహాలు. సూపర్‌వైజరు వంగి, "ఏం చూద్దామని వెళ్ళావమ్మా?" అన్నాడు, ఈసారి మెత్తగా లేదు.

"నాలుగో బ్రాకెట్ దగ్గర బీటుందనుకున్నా," అంది. గొంతు ఎవరిదోలా ఉంది. "లేదు. మసే. ఈ అమ్మాయి చెప్పిందే నిజం. ఉక్కు పుల్ల ఒకటి లోపల పడిపోయింది, అది తీసేదాకా మూయకండి."

కెమెరా అమ్మాయి నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది. "నేను భోజనం చేసొచ్చినప్పుడు లోపలే ఉన్నావా అక్కా?" అంది నెమ్మదిగా. ఆమె తల ఊపింది. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని తీగల దగ్గరికి వెళ్ళిపోయింది. సూపర్‌వైజరు సొరుగులోంచి ఆమె బిళ్ళ తెప్పించి జేబులో వేసుకున్నాడు. అది న్యాయమే. ఇక ఆ తలుపు ఆమెకు లేదు, అది ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలుస్తోంది. ఆశ్చర్యంగా, అక్కడ తడిమి చూస్తే నొప్పి లేదు, ఇంకా రాలేదేమో.

గ్యాసాయన ఏడీ అని చూసింది. వాల్వు కింద మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. టోపీ కింద పడి ఉంది, తీసుకోలేదు. ఆమె గోడ పట్టుకుని లేచి, కుంటుకుంటూ వెళ్ళి ఎదురుగా నిలబడింది. తప్పైపోయిందన్నా అనాలి. నోటిదాకా వచ్చింది. ఆయన తన కుడి అరచేతినే చూసుకుంటున్నాడు. వాల్వు చక్రం పళ్ళు ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి దాని మీద.

"సగం తిప్పాను," అన్నాడు. "ఇంకో సగం తిప్పితే గ్యాసు వచ్చేసేది. నీకేం, నువ్వు నిద్రపోయేదానివి. నేనో? ఈ చేత్తో ఇంటికెళ్ళి అన్నం ఎలా తినేవాణ్ణమ్మా?"

ఈ గంటసేపట్లో ఆమె నాన్నమ్మ దగ్గరికి వెళ్ళింది, బడికి వెళ్ళింది, దర్జీ కొట్టుకి వెళ్ళింది. వాల్వు అవతల ఒక చెయ్యి ఉంటుందని మాత్రం ఒక్కసారీ తట్టలేదు. ఆ మెట్టు మీదే ఆయన పక్కన కూర్చుంది. ఆ చెయ్యి అందుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. మసి అంటింది, ఆయన చూడలేదు. వణుకుతోంది. తగ్గుతుందని కాసేపు చూసింది. షెడ్డులో మళ్ళీ క్రేను కదిలింది, మనుషులు ఎవరి పనిలోకి వాళ్ళు వెళ్ళిపోయారు, అది ఇంకా వణుకుతూనే ఉంది. ఆమె వదల్లేదు.